మందు కొట్టని మూల

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. బళ్ళో నీ సైన్సు క్లాసులు ఇప్పుడు నేనే చెబుతున్నాను.

పోయిన వారం పిల్లలతో కంప్యూటర్లో ఒక పత్తిచేను నమూనా చేయించాను. అందులో ఆకుల రసం పీల్చే పేనుబంక రోజురోజుకీ పెరిగి చేనంతా నాశనం చేసింది. తొమ్మిదో తరగతి మౌనిక లేచి, "ఇది తప్పు మేడం. మా చేలో ఏటా పేనుబంక వస్తుంది, అయినా పత్తి పండుతోందిగా!" అంది.

"మరి మనం ఏం మర్చిపోయాం?" అన్నాను. నువ్వయినా అదే అడిగేదానివి.

మౌనిక ఆలోచించి, పేనుబంకను తినే అక్షింతల పురుగుల్ని తనే కలిపింది. ఈసారి పేనుబంక పెరిగి, మళ్ళీ తగ్గింది. మందు కొడితే మాత్రం రెండూ చాలావరకు చచ్చి, పేనుబంకే ముందు తిరిగొచ్చింది.

ఇంటికెళ్ళి మందు కొట్టొద్దని నాన్నతో పోట్లాడిందట. "కంప్యూటర్ని నమ్మి చేను వదిలేస్తానా? సరే, ఓ మూల వదులుతా, చూద్దాం," అన్నాడట ఆయన.

ఇవాళ సాయంత్రం వాళ్ళ చేనుకి వెళ్ళాను. తండ్రీకూతుళ్ళు ఆ మూల కూర్చుని ఆకులు తిప్పి చూస్తున్నారు. ఏమవుతుందో ఇంకా తెలీదు.

"నాది తప్పయితే ఎలా మేడం?" అంది మౌనిక బెరుగ్గా.

ఆయన తలెత్తకుండానే, "తప్పయితే ఈ మూల పోతుంది, అంతేగా. నువ్వు చూడమ్మా," అన్నాడు.

నువ్వుంటే వాళ్ళ పక్కన కూర్చునేదానివి. నేను కూర్చున్నాను.