టిక్కు పెట్టని గడి

డబ్లిన్,
ఫిబ్రవరి 10, 2015

ప్రియమైన మలకీ,

కూర్చుని చదువు. నీ పెళ్ళాం డబ్బున్న మనిషి కాబోతోంది. నవ్వకు.

మా కంపెనీ ముసలాయన జీతాలు పెంచలేక ఒకసారి అందరికీ షేర్ ఆప్షన్లని కాగితాలు పంచాడు, గుర్తుందా? ఎప్పుడు కొన్నా పాత ధరకే కంపెనీ వాటాలు కొనుక్కునే హక్కు. "దాంతో పొయ్యి అంటించుకో" అన్నావు. ఇప్పుడు మమ్మల్ని ఎవరో పెద్దవాళ్లు కొనేస్తున్నారు. వాకిట్లో కూర్చుని ఫోన్లెత్తే నేను కూడా నిన్న సంతకం పెట్టి నా వాటాలు తీసుకున్నాను.

చిక్కల్లా పన్నుతోనే. ఇన్నాళ్లూ జీతంలోంచి వాళ్లే కోసుకునేవాళ్లు. చేతికెంతొచ్చిందో చూసుకోవడం తప్ప నేనేనాడూ చీటీ పైభాగం చదివిందే లేదు. ఈ వాటాల మీద మాత్రం కంపెనీ కోయదట. నేనే పన్నులాఫీసులో పేరు నమోదు చేయించుకుని, నెల తిరక్కుండా నేనే కట్టాలట. ఫారం తెచ్చుకున్నాను. పేరు, ఊరు, ఉద్యోగం, అన్నీ గబగబా నింపాను. తర్వాతది చూసి ఆగిపోయాను. పెళ్లయిందా? అయితే భర్తతో కలిసి ఉంటున్నారా, విడిపోయారా? విడిపోతే ఏ తేదీ నుంచి?

ఇన్నేళ్లలో ఇంత సూటిగా మనల్ని ఎవరూ అడగలేదు. ఫోన్లో అడిగితే నువ్వు అక్కడి వాన సంగతులు చెప్పి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఏ గడిలో టిక్కు పెట్టమంటావు?

ప్రేమతో,
నీ డర్వ్‌లా

*

ఎరిస్, మేయో,
ఫిబ్రవరి 17

ప్రియమైన డర్వ్‌లా,

ఏమోయ్ కోటీశ్వరురాలా! పొయ్యి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక్కడ మొన్నటి గాలికి పాక రేకులు సగం సముద్రంలోకి పోయాయి. మిగిలిన సగం పక్కింటి పెగ్ గాఫ్నీ పెరట్లో పడ్డాయి. తెచ్చుకుందామని వెళితే టీ పోసి కూర్చోబెట్టింది. "డర్వ్‌లా ఎప్పుడొస్తోంది నాయనా?" అంది. "ఆఫీసులో ఊపిరాడని పని, ఈస్టర్‌కి వస్తుంది" అన్నాను. "అవున్లే, ఈ రోజుల్లో పనులు అట్లాగే ఉన్నాయి" అంది. ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని నాకూ తెలుసు. మన ఊళ్లో ఏ మొగుడూ పెళ్ళాం విడిపోయారు గనక? పని కోసం దూరంగా ఉంటారు, అంతే. పెగ్ వాళ్లాయన పాట్సీ పదహారేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో పనిలోనే ఉన్నాడు. ఆదివారం భోజనాల బల్ల మీద అతని పళ్లెం ఇప్పటికీ పెడుతుంది.

ఆ గడి సంగతంటావా, పన్నులవాళ్లతో మాత్రం అబద్ధం ఆడకు. చర్చిలో ఫాదర్‌తో ఆడితే క్షమించి పంపిస్తాడు, వీళ్లు వడ్డీతో సహా వసూలు చేస్తారు. ఏటా లెక్కలు రాసి పంపుకునే రైతుని, నాకు తెలియదూ!

చలిగా ఉంది, మఫ్లర్ కట్టుకో.

ప్రేమతో,
మలకీ

*

డబ్లిన్,
ఫిబ్రవరి 23

ప్రియమైన మలకీ,

అబద్ధం ఆడకు అన్నావు, సరే. మరి నిజం ఏమిటో చెప్పమనే కదయ్యా నేను అడిగింది! దానికి పాక రేకుల కథ చెప్పావు.

పోనీ, నేనే ముందు చెబుతాను. నేను 'కలిసి ఉంటున్నాం' అన్న గడిలో టిక్కు పెట్టాలనుకుంటున్నాను. అది నిజమయ్యేలా చేసి మరీ పెట్టాలనుకుంటున్నాను. పన్ను పోగా మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. పని మానేసి ఇంటికి వచ్చేస్తాను. లేదా నీకు విసుగొచ్చి ఉంటే గొర్రెల్ని అమ్మేసి నువ్వే ఇక్కడికి రా. ఏదైనా సరే. ఇక్కడ గదిలో ఒక్కదాన్నే పడుకుని పడుకుని విసిగిపోయాను. ముందు శుక్రవారం శుక్రవారం వచ్చేదాన్ని, తర్వాత నెలకోసారి, తర్వాత క్రిస్మస్‌కి. ఎవరం అనుకుని చేసింది కాదు. అలా జరిగిపోయింది. అలా జరిగిపోయినదాన్ని తిప్పుకోలేమా?

వచ్చే శుక్రవారం సాయంత్రం బస్సుకి రా. బస్ స్టేషన్‌లో ఉంటాను. ఫారం నా సంచిలో ఉంటుంది. టీ తాగుతూ ఇద్దరం కలిసి టిక్కు పెడదాం.

వస్తావు కదూ?

నీ డర్వ్‌లా

*

ఎరిస్,
మార్చి 8

ప్రియమైన డర్వ్‌లా,

గొర్రెలు ఈనుతున్నాయి. ఒకదానికి పిల్ల అడ్డం తిరిగింది. వదిలి రాలేకపోయాను. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. నువ్వు నాకోసం ఎక్కువసేపు నిలబడలేదనుకుంటాను.

నువ్వు మంచిదానివి. నేను అక్కడ బతకలేను, ఇక్కడికి వస్తే నువ్వు బతకలేవు. అది నాకు ఎప్పుడో తెలుసు. ఆ గడి విషయం ఇక ఆలస్యం చేయకుండా ఆఫీసులోనే అడుగు. వాళ్లే చెబుతారు.

మలకీ

*

డబ్లిన్,
మార్చి 11

మలకీకి,

ఆఖరి బస్సు వచ్చేదాకా నిలబడ్డాను. తర్వాత అక్కడే బెంచీ మీద కూర్చుని, మొండికేసి, 'కలిసి ఉంటున్నాం' గడిలో టిక్కు పెట్టేశాను. నీ ఉత్తరం వచ్చాక కూడా అది కొట్టేయలేదు. ఇవాళ ఆ ఫారమే పట్టుకుని పన్నులాఫీసుకి వెళ్లాను.

కిటికీ వెనక అమ్మాయి నా నంబరు కొట్టి చూసి, "ఇది సరిపోలడం లేదండీ" అంది. "మా దగ్గర మీరు విడిపోయినట్టు ఉంది. నాలుగేళ్లు దాటిందే! మీవారు ఆయన లెక్కల్లో రాసి పంపారు. అప్పుడే మీకూ తెలియజేశాం కదా."

తెలియజేసే ఉంటారు. పన్నుల ఉత్తరం మాలాంటివాళ్లు ఎవరు విప్పుతారు, అన్నీ కంపెనీ చూసుకుంటుందనుకుంటాం. విడిపోయినవాళ్లకి పన్ను కోత పెరుగుతుందట, అప్పట్లో చేతికొచ్చే జీతం కాస్త తగ్గింది కూడా. మా ముసలాయన పిసినారితనం అనుకుని తిట్టుకున్నాను.

ఫాదర్‌కి చెప్పలేదు, పెగ్‌కి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. పన్నులవాళ్లకి చెప్పావు. కోపంగా ఉంది మలకీ, చాలా కోపంగా ఉంది. ఆ తర్వాత ఐదు క్రిస్మస్‌లకి ఇంటికి వచ్చాను. పక్క దులిపి వేశావు, ఉతికిన తువ్వాలు మడిచి ఇచ్చావు, నేను తినేదాకా నువ్వు తినలేదు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. చుట్టాన్ని చూసినట్టు చూశావని ఇవాళ అర్థమైంది.

తేదీ ఏం రాశాడని అడిగాను. ఆ అమ్మాయి కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. 2010 సెప్టెంబరు పన్నెండు, ఆదివారం.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మనం గొడవపడని రోజు అది. ఎండ కాసింది. పొద్దున్నే నువ్వు పట్టుకొచ్చిన చేపలు వేయించుకుని గుమ్మంలోనే కూర్చుని చేతులతో తిన్నాం. బస్సు దగ్గర నా కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టావు, మెడ దాకా, చిన్నపిల్లకి పెట్టినట్టు. నాకు నవ్వొచ్చింది. బస్సు కదలగానే చెయ్యి ఊపి, మలుపు తిరక్కముందే పత్రిక తెరిచాను. నువ్వు ఇంకా అక్కడే నిలబడి ఉన్నావేమో, నేను చూడలేదు.

అది వీడ్కోలని నీకు తెలుసు. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే కనీసం వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఆ అమ్మాయి పెన్ను ఇచ్చింది. టిక్కు కొట్టేసి, నువ్వు రాసిన తేదీనే నా ఫారంలో రాశాను. నా దగ్గర వేరే తేదీ ఏదీ లేదు.

డర్వ్‌లా