నల్లోడి కడుపు, నీలం ఊలు

అక్కా, మేమిద్దరం కులాసా. మన కుక్క నల్లోడి కడుపు కూడా కుదుటపడింది, బెంగపెట్టుకోకు.

తోటలో ఏదో జంతువు పెంటికలు వేసి పోతుంటే వీడు పొద్దున్నే వెళ్లి ఆవురావురుమని తినేవాడు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. భయమేసి, కాసిని పెంటికలు పొట్లం కట్టి, వాణ్ణి కూడా తీసుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన పుల్లతో విడదీసి చూసి, "కుందేలువి కావమ్మా, మేకవీ కావు. వీటిలో నీలం ఊలు ఉంది. మీ ఇంట్లో ఎవరైనా అల్లుతారా?" అన్నారు.

నీ చంటిదానికి నేను అల్లుతున్న స్వెట్టరు నీలమే. మేడ మీద బీరువాలో దాచాను. తాళం తీసి చూస్తే ఒక చెయ్యి సగం దాకా కొరికేసి ఉంది. "ఎలుకలే" అంటారు మీ మరిది. ఎలుక పెంటిక నిమ్మకాయంత ఉంటుందా?

చంటిదాన్ని ఇప్పుడే తీసుకురాకు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి పాత టార్చిలైటు పంపించు. ఆయనకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ చెల్లి

మీ మరిది ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నల్లోడు మేడమెట్ల కింద కూర్చుని, పైకి చూస్తూ తోక ఊపుతున్నాడు.