గోత్రం తప్పిన కణాలు

తిరుపతి,
14-8-2008

తమ్ముడు గిరిప్రసాద్‌కు అక్క ఆశీస్సులు.

మీ బావ కామెర్లకని నువ్వు ఐరాల నుంచి పంపిన ఆకుపసరు పారబోశాను. కోపం తెచ్చుకోకుండా మొత్తం చదువు.

కాలేయం నుంచి పైత్యరసం దిగే సన్నని నాళం మూసుకుపోయింది. క్యాన్సరేమోనని ఇక్కడ ఆసుపత్రిలో అనుమానపడ్డారు. నోటి గుండా గొట్టం వేసి, ఆ నాళంలోకి చిన్న బ్రష్షు పంపి, గీరిన కణాలకు జన్యు పరీక్ష చేస్తామన్నారు. జన్యువులంటే వంశం నుంచి వచ్చేవని డాక్టరమ్మ చెప్పగానే మీ బావ, "నా గోత్రం కావాల్నంటే అడగమ్మా, చెప్తాను. దానికి నోట్లో గొట్టమెందుకు?" అన్నారు.

ఆమె నవ్వింది. "నీ గోత్రం కాదు తాతా, లోపల కణాలు గోత్రం తప్పినాయేమో సూడల్ల."

తరువాత గొట్టం వేసినప్పుడు లోపలిదంతా నాకు టీవీలో చూపింది. నలభై ఏళ్లుగా ఆయనకు వండిపెడుతున్నాను. ఆ అన్నం వెళ్లే దారిని మొదటిసారి చూశాను. తడిగా, గులాబీరంగులో మెరుస్తోంది. ఒక మలుపులో ఆవగింజంత రంధ్రం, అదే ఆ నాళం వాకిలి. అక్కడి నుంచి తీసిన, కంటికి కనబడని కాసిన్ని కణాలు చాలట, లోపలి సంగతి చెప్పడానికి. గుడిలో నిలబడినట్టు చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

ఈరోజు రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. అయితే స్కానులో చూస్తే ఇంకా పాకలేదు, కోసి తీసేయవచ్చట. సోమవారం ఆపరేషన్.

మళ్లీ పసరు తేవద్దు. కడుపునిండా తిని నువ్వు రా. గోత్రాలు వేరైనా, మీ బావదీ నీదీ ఒకే రక్తం గ్రూపు.

అక్క