అద్దాల పెట్టెలో కుండ

పూజ్యులైన బాబాయికి,

నమస్కారాలు. నేను చరిత్ర మొదలెట్టగానే నా ఐదో తరగతి మొత్తం ఆవులిస్తోంది. త్వరలో హెడ్‌మాస్టరు గారు వచ్చి చూస్తారట. అప్పుడూ ఇలాగే ఉంటే నా చరిత్ర గంట తీసి లెక్కలకి ఇచ్చేస్తారట. ప్రాణం పోయినా ఇవ్వను! మీ మ్యూజియంలోంచి పాత కుండ ఒకటి పంపండి. పిల్లలు పట్టుకుని చూడాలి.

మీ అమ్మాయి

తా.క. జాగ్రత్తగానే ఉంటాను. చిన్నప్పుడు మీ కళ్ళజోడు విరగ్గొట్టింది తమ్ముడు.

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పట్టుకోవడమా! అమ్మో! ఇన్నేళ్ళుగా కాపలా కాస్తున్న నేనే దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. నీ కోసం మా ఆఫీసరు గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. అద్దాల పెట్టెలో పెట్టించి, తాళం వేసి పంపుతున్నాను.

నీ బాబాయి

తా.క. వేరే కుండ అంటగట్టాలని చూడకు. నా కుండని కళ్ళు మూసుకుని గుర్తుపడతాను.

బాబాయికి,

పెట్టె చేరింది. కుండ బొమ్మ వెయ్యమంటే అందరూ తాళం బొమ్మ వేశారు. "టీచర్, ఈ కుండ ఏం నేరం చేసింది?" అని వెనక బెంచీ పిల్ల అడిగింది. తాళంచెవి పంపండి.

మీ అమ్మాయి

తా.క. పంపకపోతే నా దగ్గర జడపిన్ను ఉంది.

అమ్మాయికి,

తాళంచెవి నా చేతిలోంచి కదలదు. కాబట్టి సెలవు పెట్టి దానితోపాటు నేనే వస్తున్నాను.

నీ బాబాయి

తా.క. జడపిన్ను సంగతి మీ పిన్నికి చెప్పాను. నిన్నే వెనకేసుకొచ్చింది.

బాబాయికి,

గెలిచాం! కుండ లోపల ఎవరిదో పాత వేలిముద్ర ఉందని పిల్లలే కనిపెట్టారు కదా, అదే హెడ్‌మాస్టరు గారిని పడగొట్టింది. మీరుండగానే మీదాన్ని చూసి మట్టితో చేసి, కాల్చి, మసి పూసిన మా కుండని ఆయన ఊరందరినీ బడికి పిలిచి చూపిస్తున్నారు. చరిత్ర గంట నాదే! మీరు మాత్రం వెళ్ళేటప్పుడు కూడా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డారు. పిల్లలే పెట్టెలో పెడితే తాళం వేసుకున్నారు.

మీ అమ్మాయి

తా.క. మా కుండలో సుద్దముక్కలు వేసుకుంటున్నాను. అచ్చం మీదానికి కవలపిల్ల!

అమ్మాయికి,

కొంప మునిగింది. నిన్న పెద్ద పండితులు వచ్చారు. "ఆ కాలపు కుమ్మరి పనితనం చూడండి" అని మా ఆఫీసరు గారు తెగ పొగిడారు. వాళ్ళూ తలలూపారు. అడుగు చూపించమంటే తిప్పాం. "ఐదో తరగతి" అని గీసి ఉంది.

ఇన్నేళ్ళూ అద్దంలోంచి చూడటమే గాని పట్టుకుని ఎరగను కదమ్మా, ఏది నాదో నాకెలా తెలుస్తుంది? సిగ్గుతో చచ్చాను. ఆ మాటే ఆఫీసరు గారి మొహాన చెప్పేశాను. రేపు వస్తున్నాను. పెట్టె తేను, ఒళ్ళో పెట్టుకునే తెచ్చుకుంటాను.

నీ బాబాయి

తా.క. ముందు దాన్లోంచి సుద్దముక్కలు తియ్యి! మీ పిల్లల కుండ మాత్రం తిరిగివ్వను. దానికి తాళం వేసేశాను.