ఎవరి ట్యాంకుకో పూసిన బురద

మెదక్,
సోమవారం, మధ్యాహ్నం.

ప్రభువునందు ప్రియమైన కరుణక్కకు,

తమ్ముడు సామేలు వందనాలు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాయన దగ్గు తగ్గిందా? మన బర్రె ఈనిందా? నేను ఒంటికి కులాసాగానే ఉన్నాను, మీరేమీ బెంగపెట్టుకోవద్దు. తిండికి లోటు లేదు, పనికీ లోటు లేదు. మనసు సంగతి మాత్రం కింద రాస్తాను. ఎప్పటిలా అరుగు మీద కూర్చుని ఈ ఉత్తరాన్ని అమ్మకు గట్టిగా చదివి వినిపించకు. ముందు నువ్వొక్కదానివే చదువుకో. తర్వాత ఎవరికి ఏం చెప్పాలో నీ ఇష్టం.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. రాసిన బోర్డులు ఆరడం లేదని మా ఉస్తాద్ ఖాదర్ సాబ్ పొద్దున లేచింది మొదలు ఆకాశాన్ని తిడుతూనే ఉంటాడు. టేక్మాల్ నుంచి వచ్చిన కొత్తలో నాచేత అక్షరాలకు గీతలు కొట్టించేవాడు, అంతే. ఇప్పుడు నన్ను నమ్మి మొత్తం బోర్డు రాయనిస్తున్నాడు. గది బాగానే ఉంది, ఒక మూల కురుస్తుంది కానీ మంచం ఈ మూలకు లాక్కున్నాను. ఆదివారం సాయంత్రం మాత్రం ఇల్లు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. అందుకే పక్క గదిలో ప్రభుదాస్ ఉన్నాడని తెలిసినప్పుడు నాకు సొంత అన్న దొరికినంత సంబరమైంది. మన వాడే, మన గుడి వాడే. పటాలంలో ట్యాంకు నడిపి, యుద్ధం చూసి, తిరిగొచ్చి దవాఖానలో వాచ్‌మన్‌గా ఉన్నాడని మీకందరికీ గొప్పగా రాసింది నేనే కదా. మీ నిశ్చితార్థం అయినప్పటి నుంచి ఆయన్ని బావా అంటున్నాను. ఈ రోజు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదక్కా.

సదాశివపేట నుంచి వచ్చిన సంబంధం గుర్తుందా? పదో తరగతి తప్పి కూడా, పాసయ్యానని చెప్పాడని ఆ పిల్లగాణ్ణి గుమ్మంలోంచే పంపేశావు. అమ్మ తల కొట్టుకుంటే, "నౌకరి చిన్నదైనా ఫరవాలేదమ్మా, నోట్లకెళ్లి నిజం రావాలె" అన్నావు. ప్రభుదాస్ సంగతి వచ్చినప్పుడు నాకు ఒకే ఒక ప్రశ్న రాశావు, మాట మీద నిలబడే మనిషేనా అని. చావును ఎదురుగా చూసొచ్చిన మనిషి అబద్ధమాడడు అని రాశాను. ఆ వాక్యం రాసి, బాగుందని రెండోసారి చదువుకుని మురిసిపోయాను కూడా. నా మొహం!

ఇక ట్యాంకు సంగతి. ఇక్కడి బడిలో జెండా పండుగకు జవాన్ల మీద ఒక ప్రదర్శన పెట్టారు. వడ్ల ఆయన టేకు చెక్కతో మూరెడు పొడవున ట్యాంకు బొమ్మ చేసిచ్చాడు. కింద తిరిగే పట్టాల బదులు రెండు సైకిల్ చైన్లు బిగించాడు, అచ్చం ట్యాంకు లాగే ఉంది. రంగు వేసే పని నాకు పడింది. పచ్చరంగు కొట్టి వార్నిష్ పూసి ఇచ్చేద్దామనుకున్నాను. ప్రభుదాస్ చూసి నవ్వాడు.

"గిదేంది తమ్మీ, పెండ్లికొడుకు లెక్క మెరుస్తుంది? యుద్ధంల తిరిగిన బండి గిట్లుంటదా? నేను నడిపిన బండి ఎట్లుండెనో నేను చెప్త, నువ్వు ఎయ్యి."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో. ఆ రోజు నుంచి సాయంత్రం పని దిగగానే ఇద్దరం కూర్చునేవాళ్లం. పచ్చలో కొంచెం నలుపు, కొంచెం పసుపు మట్టిరంగు కలిపి, మెరుపు చావడానికి కిరసనాయిలు ఎక్కువ పోశాను. అది ఆరాక, లేతరంగులో ముంచిన కుంచెను గుడ్డకు తుడిచి తుడిచి, ఇక రంగే లేదనిపించాక అంచుల మీద రాశాను. అప్పుడు అంచులన్నీ ఎండకు వెలిసి అరిగినట్టు పైకి తేలాయి. పెన్సిల్ ముల్లు పొడి చేసి డ్రైవరు దిగే మూత చుట్టూ వేలితో రుద్దితే, బూట్ల రాపిడికి రంగు పోయి ఇనుము కనబడినట్టు అయింది. ఇటుక పొడితో తుప్పు, దీపం మసితో పొగ. ఉస్తాద్ నెత్తి కొట్టుకున్నాడు. "పాగల్ అయినవా బేటా? మెరుస్తెనే గిరాకి! మంచి రంగును ఖరాబ్ చేస్తున్నవ్" అన్నాడు. చివరికి ఆయన కూడా చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూసి, నాకు టీ చెప్పాడు.

ప్రతి గీతకూ ఒక కథ చెప్పేవాడక్కా. పట్టాల మీది ఎడమ రేకు రెక్క ఇక్కడ వంగాలి, చీకట్లో చెట్టుకు తగిలింది. ఈ పక్క దీపం ఉండొద్దు, పగిలిపోయింది. బురద మన ఎర్రమట్టి కాదు, బూడిద రంగు మట్టి. చెరువు గట్టున అలాంటి మట్టి వెతికి తెచ్చి, గుడ్డలో జల్లించి, తుమ్మబంకలో కలిపి పూశాను. వెనకాల నీళ్ల డబ్బా ఉండాలి, దాన్ని తాడుతో కాదు, నీలం గుడ్డతో కట్టాలి అన్నాడు. వాళ్ల బండిలో ఫిరంగి పేల్చే సర్దార్జీ తన తలపాగా అంచు చింపి కట్టాడట. ఆ సర్దార్జీ ఇప్పుడు పంజాబులో చెరకు పండిస్తున్నాడనీ, పెళ్లయ్యాక నిన్ను తీసుకుని రమ్మన్నాడనీ చెప్పాడు. నీలం గుడ్డ ఎక్కడా దొరక్క, నువ్వు కుట్టించిన నా చొక్కా కింది అంచు చింపి ముడి వేశాను. అన్నీ అయ్యాక కింది పీటకు రేకు పలక కొట్టి, నాకు చేతనైన మంచి అక్షరాలతో "ప్రభుదాస్, డ్రైవర్" అని రాశాను. ఆయన ఆ పలకను చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజులు గుర్తొచ్చాయేమో అనుకున్నాను.

శనివారం ప్రదర్శన. జనం బాగా వచ్చారు. ప్రభుదాస్‌కు దవాఖానలో డ్యూటీ ఉండి రాలేదు. మధ్యాహ్నం ఒకాయన చేతికర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మెడ మీద కాలిన మచ్చ. ట్యాంకు దగ్గరికి వచ్చి, మొహం దాదాపు ఆనించేంత వంగి, వేళ్లతో తడమడం మొదలుపెట్టాడు. రంగు పోతుందని నేను గదమాయించాను. ఆయన వినలేదు. వంగిన రెక్క తడిమాడు, దీపం లేని చోట తడిమాడు, నీలం గుడ్డ ముడి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"గీ ముడి సంగతి నీకెవలు చెప్పిండ్రు తమ్ముడా?"

"గీ బండి నడిపినాయననే చెప్పిండు" అన్నాను గర్వంగా.

"గీ బండి నడిపింది నేను."

నేను నవ్వాను. నిజంగా నవ్వానక్కా, పిచ్చివాడనుకుని. ఆయనకు కోపం రాలేదు. తన పేరు యాదగిరి, అల్లాదుర్గ్ మాది అన్నాడు. నేను అడగకుండానే ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. ఏ చెట్టుకు తగిలింది, దీపం ఎలా పగిలింది. నేను వేసినవన్నీ ఆయన నోటి నుంచి వస్తున్నాయి. సర్దార్జీ పంజాబులో ఉన్నాడట కదా అని గొణిగాను.

"లేడు తమ్ముడా. ముడి ఊడితే మళ్ల కడదామని పైకెక్కిండు. తిరిగి లోపలికి దిగలే. గీ మాట నేను మా అమ్మకు గూడ చెప్పలే. ఒక్కనికే చెప్పిన, మా పటాలంల వంటాయనకు. మెదక్ పిలగాడు, మన మాట మాట్లాడుతుండె. రొట్టె నోట్లె పెట్టుకోని ఏడ్సుకుంట చెప్పిన. నాతోని ఆయన గూడ ఏడ్సిండు."

అంటూ పీట మీది పలకను వేలితో తడిమాడు. "పొగకు నా కండ్లు మసకబారినయి. గీడ ఏదో రాసినట్టుంది. ఏం రాసిండ్రో జర సదువు తమ్ముడా."

అవి నేను రాసిన అక్షరాలే. రెండోసారి అడిగితే చదివాను. తిడతాడనుకున్నాను, పలక పీకేస్తాడనుకున్నాను. "రొట్టెలు మంచిగ చేస్తుండె" అన్నాడు, అంతే. కర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం గదికి వెళితే ప్రభుదాస్ పిండి కలుపుతున్నాడు. "ఎట్లున్నది తమ్మీ, అందరు మెచ్చుకున్నరా?" అన్నాడు.

"యాదగిరి వచ్చిండు" అన్నాను.

పిండిలో చేతులు ఆగిపోయాయి. "ఏమన్నడు?" అన్నాడు.

"రొట్టెలు మంచిగ చేస్తుండె అన్నడు."

తల ఎత్తకుండానే చెప్పాడు. "వంటోడు యుద్ధానికి పోయొచ్చిండంటే ఎవలు పట్టించుకుంటరు తమ్మీ? బస్సు దిగంగనే ఏం జేసినవ్, ఎంతమందిని కొట్టినవ్ అని అడుగుడే. ట్యాంకు నడిపిన అని నోట్లకెళ్లి వచ్చింది. వచ్చినంక మళ్ల ఎట్ల మింగాలె?"

అంతవరకు నాకు జాలే వేసింది. నిజం చెబుతున్నాను, కూర్చుని భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. అప్పుడన్నాడు, "నీకు దండం పెడ్త తమ్మీ, గుడిల పెండ్లి ప్రకటన మూడోసారి చదివేదాక ఊకో. పెండ్లి అయినంక మీ అక్కకు నేనే చెప్త" అని.

ఒళ్లు మండిపోయిందక్కా! ఇన్నాళ్లూ నన్ను మోసం చేశాడు, సరే. ఇప్పుడు నన్ను కూడా తోడు రమ్మంటున్నాడు, నిన్ను మోసం చేయడానికి. ఒక చచ్చిపోయిన మనిషిని చెరకు తోటలో నిలబెట్టి, అక్కడికి నిన్ను తీసుకెళ్తానన్న నోరు అది. నేనేమైనా చిన్నపిల్లవాడినా? "మా అక్క పేరు నీ నోట్ల రావొద్దు" అని అరిచి వచ్చేశాను. ఆయన వెనక నుంచి, "తిని పో తమ్మీ" అన్నాడు. అది విని ఇంకా ఏడుపొచ్చింది.

నాకు ముందే తెలియాల్సింది. ఆయనకు ఇద్దరికి వండడం చేతకాదు. ఎప్పుడు పప్పు చేసినా కోటంత గిన్నె, వాడకంతా పంచేవాళ్లం. ట్యాంకు నడిపిన చెయ్యి కదా, కొలత తెలియదని నేనే ఎగతాళి చేసేవాణ్ణి. ఆయనా నాతో కలిసి నవ్వేవాడు.

నిన్న ఆదివారం గుడికి వెళ్లాను. అంత పెద్ద గుడిలో, అంతమంది ముందు, పాస్టరయ్యగారు మీ ఇద్దరి పేర్లు చదివి, ఈ పెండ్లికి అడ్డం చెప్పదగిన కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇది రెండో ప్రకటన అన్నారు. ప్రభుదాస్ రెండు వరుసల ముందు కూర్చున్నాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను లేవలేదు. భయపడి కాదు. నిన్ను అడగకుండా నీ పేరు నలుగురి నోళ్లలో పెట్టడానికి నాకేం హక్కు ఉంది? ఆ సాయంత్రం మన ప్రార్థన ఇంట్లో కూడా చదివి ఉంటారు. నువ్వు తల వంచుకుని నవ్వుకుని ఉంటావు.

ఈ పొద్దున బడికి వెళ్లి ఆ పలక ఊడబెరికాను. ఈ కవర్లోనే పెడుతున్నాను, అంచు గీసుకుంటుంది, జాగ్రత్తగా తియ్యి. పీట మీద ఇప్పుడు రెండు మేకు బెజ్జాలే ఉన్నాయి. అక్కడ ఎవరి పేరు రాయాలో యాదగిరన్నను ఆ రోజు అడగనేలేదు. వాన తెరిపిస్తే అల్లాదుర్గ్ పోయి అడుగుతాను.

ఒక్క మాట మాత్రం చెప్పనివ్వు. వంట చేయడం తప్పా అక్కా? ఫిరంగులు మోగుతుంటే పొయ్యి ఆరిపోకుండా కాచుకుని వందమందికి రొట్టెలు పెట్టానని మొదటి రోజే చెప్పి ఉంటే, ట్యాంకు బదులు ఆ పొయ్యి బొమ్మకే మసి పూసి పెట్టేవాణ్ణి. నీకు కూడా అలాగే రాసేవాణ్ణి. నువ్వు ఒప్పుకునేదానివేమో కూడా. ఇప్పుడు ఆయన మంచివాడో కాదో నాకు తెలియదు. ఇంతకుముందు తెలుసని రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇక నా కళ్లతో చూడకు, నీ కళ్లతో చూసుకో.

అమ్మను వానలో బయట తిరగొద్దను. నాయనకు దగ్గు మందు బస్సులో పంపిస్తున్నాను, రోజూ తాగమను. వీలైతే కొంచెం మామిడికాయ తొక్కు పంపు, రెండు రోజులుగా నేనే వండుకుంటున్నాను, ఉప్పు కూడా సరిగా పడటం లేదు. పెద్దనాయనకు, పెద్దమ్మకు, ప్రార్థనకు వచ్చే పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యమను, ఎందుకని అడిగితే ఊరికే అని చెప్పు.

జవాబు పోస్టులో వెయ్యకు, ఆలస్యమవుతుంది. బస్సు కండక్టరు చేతికివ్వు, రోజూ స్టాండుకు పోయి చూస్తాను. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఈ ఆదివారం మూడో ప్రకటన. నేను ముందు వరుసలో కూర్చుంటాను. పాస్టరయ్యగారు అడిగినప్పుడు లేవాలో, కూర్చోవాలో, ఆ ఒక్క మాట రాయి.

నీ తమ్ముడు,
సామేలు