సైకిల్ దారిలో మాయమవుతున్న గుంజలు

అక్కా, ఊరంతా దండోరా వేయించాల్సిన వార్త: నీ తమ్ముడు సైకిల్‌కి కొత్త గంట బిగించాడు!

మా వీధిలో సైకిళ్ళకి వేరే దారి గీసి, కార్లు రాకుండా రబ్బరు గుంజలు పాతారు. అవేమో రోజుకొకటి మాయం. నా అనుమానమంతా పరుపుల కొట్టాయన మీదే. గుంజ ఊడిన చోటల్లా ఆయన వ్యానే ఉంటుంది మరి. అడిగితే "గాలికి కొట్టుకుపోయుంటాయిలే అన్నా" అన్నాడు. "నీ పరుపులు ఎగరలేదేం?" అన్నాను. నోరు మూతపడింది. నిన్న పొద్దుగూకాక ఆ వ్యాను తప్పించబోయి బస్సుకి ఎదురెళ్ళాను. ఒంటి మీద గీత కూడా పడలేదులే.

నాన్న సైకిల్ లైటు అటక మీదుంటే పంపు. పెరటి తలుపు గడియ బాగుచేయించారా? బావకి దణ్ణాలు, కోడలిపిల్లకి ముద్దులు.

గంట అబద్ధం. ఆయన నోరు మూయలేదు, నవ్వాడు. నాకు మోచేతికి కట్టుంది. గుంజలూ, బస్సూ మాత్రం నిజమే అక్కా. లైటు తొందరగా పంపు.