చేతికి రాని పింఛనుకు రెండోసారి పన్ను

పన్నుల అధికారి వారి సముఖమునకు, యార్క్‌షైర్ తీరమునందలి స్కార్‌గేట్ ప్రాథమిక పాఠశాల ఉప ప్రధానోపాధ్యాయిని హిలరీ థ్వైట్స్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా పింఛను ఏటికేడు పెరిగినట్లు తాము కొలుచు పద్ధతి గురించి, తత్ఫలితముగా మా బడి ఉండుట, ఊడుట గురించి.

1. మా ప్రధానోపాధ్యాయుడు కీత్ జబ్బుపడగా, పదహారు నెలలు ఆయన కుర్చీలో తాత్కాలికముగా కూర్చుంటిని. కూర్చుంటిననుట మర్యాదకే, మరుగుదొడ్లు కూడా కడిగితిని. జీతము పెరిగినది. మా పింఛనుకు ఆఖరి జీతమే ఆధారము కనుక, ఏటికి ఇరవై నాలుగు వేల పౌండ్లున్న భావి పింఛను ముప్పై మూడు వేలైనదని కాగితము మీద వ్రాసిరి.

2. తాము ఆ పెరిగిన తొమ్మిది వేలను తమ నిబంధన చొప్పున పదహారుతో హెచ్చవేసి, ధరల పెరుగుదల మినహాయించి, ఒక్క ఏడాదిలో నా ఆస్తి లక్షా ముప్పై రెండు వేలు పెరిగినదని తేల్చితిరి. నేను అది అభినందన పత్రమనుకొంటిని. శుభవార్త ఉన్నవారు స్టాఫ్‌రూముకు తీపి తెచ్చుట మా ఆచారము. పన్నెండు క్రీమ్ బన్నులు పట్టుకెళ్ళాను.

మా బడి లెక్కలు చూసే డోరీన్ మూతి తుడుచుకుంటూ ఆ కాగితం చదివింది. "హిలరీ, ఇది బహుమానం కాదే తల్లీ! పన్ను పడని పరిమితులన్నీ పోను ఇంకా నలభై వేలు ఎక్కువట. పదహారు వేలు పన్ను కట్టాలి నువ్వు!"

3. తమ కార్యాలయమునకు ఫోను చేసితిని.

"చేతికి పైసా రాలేదు కదండీ?"

"రాకపోయినా పెరిగింది కదా మేడమ్."

"మరి తగ్గితే?"

"తగ్గితే సున్నా అనుకుంటామండీ. కట్టింది వెనక్కి రాదు."

4. తగ్గనే తగ్గినది. కొత్త ప్రధానోపాధ్యాయుడు రాగా నా పాత జీతమునకు దిగితిని. మూడేళ్ళ జీతము సగటు కట్టగా పింఛను ఇరవై ఎనిమిది వేలకు పడినది. పన్ను మాత్రము కట్టేసి ఉంటిని.

5. ఆ కొత్తాయన జూలైలో వెళ్ళిపోతున్నాడు. పాలక మండలి అధ్యక్షుడు డెనిస్ మా వంటింట్లో కూర్చుని బతిమాలాడు. "మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవడానికి నువ్వు ఊఁ అను, చాలు. లేకపోతే తొంభై మంది పిల్లల్ని పక్కూరి బడిలో కలిపేస్తారు." పాత జీతానికే చేస్తానన్నాను. నిబంధన ఒప్పుకోదట. జీతం పెరిగితే, పింఛను పడిపోయిన చోటి నుంచి తమరు మళ్ళీ కొలుస్తారు. ఒకసారి పన్ను కట్టిన మెట్లే మళ్ళీ ఎక్కించి, మళ్ళీ పన్నా? ఇదెక్కడి న్యాయమండీ?

కావున, ఒకసారి పన్ను కట్టిన పెరుగుదలకు తిరిగి పన్ను లేదని శుక్రవారములోగా ఒక్క ముక్క వ్రాసి ఇప్పించవలెనని ప్రార్థన. ఆ రోజే డెనిస్‌కు జవాబు చెప్పవలెను. తమ టీ చల్లారేలోపు దీనిని చిత్తగించవలెను.

ఇంకా ఓపిక మిగిలి ఉన్న తమ విధేయురాలు,
హిలరీ థ్వైట్స్

తా.క.: ఇది నకలు. అసలుకు "నలభై పనిదినాల్లో జవాబు" అని రసీదు మాత్రం వచ్చింది. శుక్రవారం దాటిపోయింది. నా వల్ల కాదని డెనిస్‌కి చెప్పేశాను. బడి మూసేస్తున్నారు. నిన్న దుకాణంలో ఒక పిల్లాడి తల్లి అందరి ముందూ అడిగింది, "పన్ను తప్పించుకోడానికి బడి మూయించారటగా టీచరుగారూ?" అని. అవునమ్మా అన్నాను. పాలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.